లెక్కలు రాని బిడ్డకు ఇంటివద్ద సాయము
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములు తిరుగునప్పుడు మేము తరచుగా వినుమాట యొకటి కలదు: "మా వాడికి లెక్కలు రావండీ. బడి మానిపించి పనిలో పెడదామనుకుంటున్నాం." విచారించిన, ఆ బిడ్డ కథలు చక్కగా చెప్పును, మందలోని మేకలను వేటికవి గుర్తుపట్టును. కాని ఏడును ఎనిమిదియు ఎంత యనిన దిక్కులు చూచును. నిన్న అప్పజెప్పిన ఎక్కము నేడు రాదు. ఇంటిల్లిపాదియు వానిని మొద్దు అని తీర్మానించిన పిమ్మట బడి మానిపించుటకు ఎక్కువ కాలము పట్టదు. ఆ తీర్మానమునకు ముందు మా మాట ఆలకింపుడని కోరుచున్నాము.

మొదట బిడ్డకు చూపు, వినికిడి సరిగా నున్నవో లేవో పరీక్ష చేయింపవలెను. అవి బాగున్నను ఇబ్బంది విడువనిచో, అది సంఖ్యలను గ్రహించుటలోని చిక్కు కావచ్చును. దీనిని డిస్కాల్కులియా అందురు. చెకొస్లొవేకియా శాస్త్రజ్ఞుడు లాడిస్లావ్ కోష్చ్ 1974లో దీనిని విపులముగా వర్ణించెను. నూటికి ముగ్గురు మొదలు ఏడుగురు పిల్లల వరకు ఇట్టివారు ఉందురని పరిశోధకుల అంచనా. ఇది సోమరితనము కాదు. తెలివి లేకపోవుటయు కాదు.

నేర్పుటకు పెద్ద చదువు అక్కరలేదు. చీపురుపుల్లలను సమానముగా త్రుంచి, పదేసి చొప్పున దారముతో కట్టుడు. ఇరువది మూడనగా రెండు కట్టలు, మూడు విడిపుల్లలు. మన భాషలో ఇదొక సదుపాయము: ఇరవై మూడు అనునప్పుడు ముందు పదులు, పిదప ఒకట్లు చెప్పుదుము; అంకెలును ఆ వరుసనే యుండును. పదకొండు మొదలు పందొమ్మిది వరకు గల పేర్లే బిడ్డను తికమకపెట్టును. అచ్చట తొందరపడక, ఒక కట్టను ఒక చేతను, మూడు పుల్లలను రెండవ చేతను ఉంచి, "పదీ మూడూ పదమూడు" అని పలుమారు అనిపింపవలెను.

నూట అయిదు వ్రాయుమనిన ఇట్టి బిడ్డ 1005 అని వ్రాయును. నవ్వవలదు. విన్నది విన్నట్లే వ్రాసినాడు: నూరునకు 100, దాని ప్రక్కన 5. పాత పెండ్లి శుభలేఖల అట్ట ప్రతి యింటను మూలుగుచుండును గదా! దానిని కత్తిరించి, ఒక అంకె పట్టునంత ముక్కపై 5, రెండంకెలు పట్టు ముక్కపై 20, మూడంకెలు పట్టు ముక్కపై 100 వ్రాయుడు. 100పై 5ను కుడి అంచు కలియునట్లు పెట్టిన, చివరి సున్న మరుగుపడి 105 కనబడును. ముక్క ఎత్తిన, క్రింద సున్న అట్లే యుండును. నూరు ఎక్కడికిని పోలేదని బిడ్డ తన కన్నులతో చూచును. నోటితో నూరుమార్లు చెప్పుటకంటె ఇది మేలు.

వ్రేళ్ళపై లెక్కించుకొనిన కొట్టుచున్నారని వినుచున్నాము. పెద్దలు వ్రేళ్ళ కణుపులపై తిథులు లెక్కించుకొనవచ్చును గాని, పసివాని వ్రేళ్ళపై బెత్తమెందుకు?

ఎక్కములు వల్లించుట చెడ్డదని మేమనము. ఈ బిడ్డకు అది మొదటి మెట్టు కాదు. రెండు, అయిదు, పది ఎక్కములు ముందు రానిండు. ఏడు ఎనిమిదులు కావలసినపుడు, అయిదు ఎనిమిదులు నలుబది, రెండు ఎనిమిదులు పదునారు, కలిపిన ఏబదియారు. చింతగింజలు పేర్చి చూపిన ఇది తెలియును. అవ్వలు ఆడించు వామనగుంటలును మంచి పాఠమే. రోజుకు పది పదునైదు నిమిషములు చాలును. బిడ్డ విసుగు చెందకమునుపే ఆపవలెను.

ఇక బడి సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ చిక్కును గుర్తించినది. ఇట్టి పిల్లలను త్వరగా కనిపెట్టి తగిన రీతిని బోధింపవలెననియు, పరీక్షలో అదనపు సమయము వంటి సౌకర్యములు కల్పింపవలెననియు అందు కలదు. ప్రధానోపాధ్యాయుని కలిసి, మండలములోని భవిత కేంద్రమున ప్రత్యేక ఉపాధ్యాయులకు బిడ్డను చూపుడు. సౌకర్యములకు వైద్య ధ్రువపత్రము అవసరమగును. పదవ తరగతి పరీక్ష రుసుము కట్టునంతవరకు ఆగక, ఈ యేడే అడుగుడు. వెళ్ళునప్పుడు బిడ్డ లెక్కల పుస్తకమును వెంట తీసికొని వెళ్ళుడు. తప్పులను దిద్దక, ఉన్నవి ఉన్నట్లే చూపుడు.