నోటుకు కాలదోషం పట్టకముందే

(దొర్నిపాడులో పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వకీళ్లము కాము. సంఘాల లెక్కల పుస్తకాలు చూడటం మా పని. కాని ఏ ఊరు వెళ్లినా, పుస్తకాలు మూసే వేళకు ఎవరో ఒకరు ట్రంకు పెట్టెలోని నోటో, మడతలు పడిన చెక్కో తెచ్చి "అయ్యా, ఇది చెల్లుతుందా?" అని అడగటం మామూలైంది. అట్టి కాగితాలు చూచి చూచి మాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి ఉన్నది. మనవాళ్ల బాకీలు చాలావరకు నిజమైనవే. పోయేది తేదీ దగ్గర.

పాడి అంటే సేద్యానికి తోడు అనుకుంటాము. అయితే హోటలుకు వాడుక పాలు పోసేవారు, నెయ్యి కాచి అమ్మేవారు, నలుగురికి దాణా అరువిచ్చేవారు వ్యాపారం చేస్తున్నట్లే లెక్క. దుకాణానికి బోర్డు లేకపోవచ్చు. బాకీ మాత్రం దుకాణదారు బాకీ వంటిదే.

ఒక సభ్యురాలి సంగతి చెబుతాము. ఊరు పేరు, మనిషి పేరు వద్దు. సంఘంలో పోయగా మిగిలిన పాలు ఆమె ఒక హోటలుకు పోసేది. మొదట్లో డబ్బు సక్రమంగానే వచ్చింది. తర్వాత సగం ఇచ్చి సగం నిలపటం మొదలైంది. బాకీ నలభై వేలు దాటాక హోటలాయన ప్రామిసరీ నోటు వ్రాసిచ్చాడు. మధ్యమధ్య వెయ్యి, రెండు వేలు చేతిలో పెట్టేవాడు. "మనిషి మంచివాడు, అడిగినప్పుడల్లా ఎంతో కొంత ఇస్తున్నాడు" అని ఆమె ఊరుకున్నది. నాలుగో ఏట హోటలు చేతులు మారింది. నోటు తీసుకొని వకీలు దగ్గరకు వెళ్లింది. ఆయన నోటును వెనక్కి త్రిప్పి చూచాడు. తెల్లగా ఉన్నది.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు చెల్లిస్తానని వ్రాసిన నోటుకు గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు నోటు వ్రాసిన తేదీ నుండి లెక్క, మనం అడిగిన తేదీ నుండి కాదు. ఈలోగా బాకీదారు కొంత చెల్లిస్తే, చెల్లించిన నాటి నుండి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అయితే ఆ చెల్లింపు అతని చేతివ్రాతతోనో, సంతకంతోనో కాగితం మీద ఉండాలి. నోటు వెనుక చెల్లు వేయించటం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. ఆమెకు ముట్టిన ప్రతి వెయ్యి గడువును ముందుకు జరపగలిగి ఉండేది. ఒక్క సంతకం లేక ఏదీ జరపలేదు. ఫోనులో పంపిన సొమ్ముకు బ్యాంకులో గుర్తు ఉంటుంది గదా అంటారు. ఉంటుంది, అయినా చెల్లు వ్రాయించుకోవటం మానవద్దు.

కాలదోషం పట్టిన బాకీకి ఒక దారి మిగిలి ఉన్నది. బాకీదారు ఒప్పుకొని, ఆ పాత బాకీ చెల్లిస్తానని కొత్తగా వ్రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను క్రింద అది చెల్లుతుంది. ఒప్పుకోవాలి గదా! ఆ హోటలాయన ఒప్పుకోలేదు.

నోటు లేని వాడుక ఖాతాకూ గడువు మూడేళ్లే. అరువుకు వాయిదా ఏదీ అనుకోకపోతే ఏ రోజు పోసిన పాలకు ఆ రోజు నుండే లెక్క. పైగా మన పుస్తకంలో మనం వ్రాసుకున్నది ఒక్కటే ఎదుటివాని మీద బాకీ రుజువు చేయదు. 2024 జూలై 1 నుండి కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఈ నియమం మారలేదు. నెలాఖరున లెక్క కట్టి, క్రింద అతని సంతకం తీసుకోండి. మొగమాటం పడవద్దు; సంతకానికి నొచ్చుకునేవాడు డబ్బుకు ఇంకా నొచ్చుకుంటాడు.

ఇక చెక్కు సంగతి. 2012 ఏప్రిల్ 1 నుండి చెక్కు మూడు నెలలే చెల్లుతుంది. సొమ్ము లేదని బ్యాంకు త్రిప్పి పంపితే, ఆ కబురు అందిన 30 రోజులలోపల సొమ్ము కట్టమని వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. స్పీడు పోస్టులో పంపి రసీదు దాచండి. నోటీసు అందుకున్నాక అతనికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత ఒక నెలలోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి వేడుకొనవచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ అవకాశం లేదు. చెక్కు గడువు ఇంకా ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగివస్తే కొత్తగా నోటీసు ఇచ్చుకోవాలి. 2015 సవరణ తర్వాత, ఖాతాలో వేసిన చెక్కుకు కేసు మన ఖాతా ఉన్న శాఖ ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే. చెక్కు ఇచ్చినవాడు హైదరాబాదులో ఉన్నా మనం అంతదూరం తిరగనక్కరలేదు.

మనమే చెక్కు ఇచ్చే సందర్భం కూడా ఉన్నది. దాణాకో, గేదె కొనుగోలుకో అప్పు తెచ్చేటప్పుడు సంతకం చేసిన ఖాళీ చెక్కు అడుగుతారు. అంకె వారు వేసుకుంటారు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇస్తే, బాకీ లేదని చూపే భారం మన మీద పడుతుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఖాళీ నోటు సంగతీ అంతే. అప్పు తీర్చిన రోజే కాగితం వెనక్కి తీసుకోండి, రేపు ఇస్తామంటే కూర్చోండి.

ఆహార భద్రత చట్టం గూర్చి కూడా అడుగుతున్నారు. 2006 చట్టం క్రింద 2011లో వచ్చిన నిబంధనలలో, సహకార పాల సంఘంలో సభ్యుడై పాలన్నీ సంఘానికే పోసే ఉత్పత్తిదారునికి రిజిస్ట్రేషను నుండి మినహాయింపు ఇచ్చారు. "అన్నీ" అనే మాట గుర్తుంచుకోండి. సగం సంఘానికి, సగం హోటలుకు పోసేవారు ఆ మినహాయింపులోకి రారు. శాంపిలు తీస్తే, పరీక్ష నివేదిక మీద అప్పీలుకు 30 రోజులు. ఇక్కడా తేదీయే.

అందరూ కోర్టు మెట్లు ఎక్కాలని మా ఉద్దేశం కాదు. ఆళ్లగడ్డ, నంద్యాల కోర్టులలో లోక్ అదాలత్‌లు జరుగుతాయి. అక్కడ ఇరువురూ ఒప్పుకొని రాజీ పడితే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉన్నది; ఇది 1987 చట్టంలోని మాట. ఫోను నంబరు 15100. ఆ సభ్యురాలికి మూడో ఏట ఈ నంబరు తెలిసి ఉంటే ఆమె నోటు ఇంకా బ్రతికే ఉండేది.

ఈ రోజు నోట్లు, చెక్కులు వెంట తెచ్చినవారు భోజనాల తర్వాత ఈ బల్ల దగ్గరకు రండి. ముందు తేదీ చూస్తాము, తర్వాత వెనక్కి త్రిప్పి చూస్తాము. గడువు దగ్గర పడినవి ఉంటే వరుసలో వారిని ముందు రానివ్వండి.