రాతి పేరు – రాతి గుణము



అంగడిలో గట్టిరాయి యెల్ల గ్రానైటే. శాస్త్రము మాత్రము రాతి వన్నెను జూచి పేరిడదు. అందలి ఖనిజములను లెక్కించి పేరిడును.

భూమిలోపల కరగిన రాయి చల్లారి గట్టిపడగా నేర్పడినది అగ్నిశిల. లోతున మెల్లగా చల్లారెనేని కంటికి గనబడునంత పలుకులు గట్టును. గ్రానైటునందు గాజువలె మెఱయు పలుగురాయియు, తెల్లనో గులాబివన్నెయో గల ఫెల్డుస్పారును ముఖ్యములు. కాకిబంగారము తఱచుగా తోడుండును. పలుగును, ఫెల్డుస్పారును గలిపి నూఱు పాళ్లుగా నెంచినచో, పలుగు 20 మొదలు 60 పాళ్ల వఱకు నుండవలెను.

ఇక ప్రకాశము జిల్లా చీమకుర్తి నల్లరాయిని జూడుడు. వర్తకులు దానిని ‘బ్లాక్ గెలాక్సీ గ్రానైటు’ అందురు. అందు పలుగు లేదనదగినంత స్వల్పము. ప్లాజియోక్లేజు అను ఫెల్డుస్పారును, పైరాక్సీనులును ప్రధానములు. మిలమిలలాడు బంగారు చుక్కలు బ్రాంజైటు అను పైరాక్సీను పలుకులు. కావున నది గాబ్రో కుటుంబములోనిది.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. రాయి కోయునపుడు లేచు సన్నని పలుగుధూళి ఊపిరితిత్తులలో జేరి సిలికోసిస్ అను నయముకాని వ్యాధిని గలిగించును. ఏ రాతిధూళియు మేలు చేయదు. పలుగు హెచ్చుగా గల రాయి మఱింత కీడు. నీరు పోయుచు కోసినచో ధూళి చాలవఱకు నణగును. అంగడిపేరు నమ్మిన కూలివాని కీ భేదము తెలియదు.

పద్దులో పేరొకటి, సరకొకటి యైనచో లెక్క తప్పును. ఇచట తప్పునది మనుష్యుని యూపిరి. శిలల గుణములు దెలుపు తెలుగు పుస్తకములు కావ్యముల ప్రక్కనే యీ గ్రంథాలయమున నిలువవలెనని నా విన్నపము.