పాత బండి – కొత్త సామాను

పాత వస్తువును బాగుచేయించుట వేరు, దానిని మార్పించుట వేరు. ఈ రెండింటి నడుమ ఒక గీత ఉన్నది. ఆ గీత ఎక్కడ ఉన్నదో తెలియకపోయినచో ఎంత చిక్కు వచ్చునో, మేము కన్నులారా చూచిన ఒక కారు కథ చెప్పి ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచినాము.

ముప్పది సంవత్సరముల క్రిందట నానక్‌రామ్‌గూడ అనగా రాళ్ళగుట్టలు, మెట్ట పొలములు, వాటి నడుమ పాతకాలపు రంగనాథస్వామి ఆలయము. నేడు అక్కడ అద్దాల మేడలు ఆకాశమునకు నిచ్చెనలు వేసినట్లున్నవి. ఒక ప్రక్క ఔటర్ రింగు రోడ్డు, మరొక ప్రక్క 2023లో తలుపులు తెరచిన అమెరికా కాన్సులేటు భవనము. ఆ మేడలలో ఒకదాని సెల్లారులో, నిగనిగలాడు కొత్త కార్ల వరుస చివర, దుమ్ముపట్టిన పరదా క్రింద ఒక పాత కాంటెస్సా కారు నాలుగేండ్లు కదలక నిలిచి ఉండెడిది. నంబరు పలక మీద ఇంకను 'ఏపీ' అక్షరములే. మాకు అన్నగారివంటి ఒక పెద్దమనిషి 1991లో దానిని ముచ్చటపడి కొన్నారు. ఆయన పోయిన పిమ్మట దాని తాళపుచెవి వదినగారి పూజగది అలమారులో ఉండిపోయినది.

కాంటెస్సా గురించి రెండు మాటలు చెప్పవలెను. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో అంబాసిడరు కారును తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ వారే 1984లో దీనిని బజారులోనికి తెచ్చినారు. దీని ఆకారము ఇంగ్లండులోని వాక్స్‌హాల్ వారి వీఎక్స్ అను కారుది. పొడవైన ముక్కు, వెడల్పయిన భుజములు, వెనుక చక్రములకు అందు శక్తి. చూపునకు అమెరికా కారు వలె ఉండెడిది. కాని మొదట దానికి అమర్చిన ఇంజను అంబాసిడరుదే. 1489 సీసీ, ఇంచుమించు 50 గుర్రముల బలము. ఏనుగు దేహమునకు లేడి కాళ్ళు అమర్చినట్లయినది. కొలదికాలమునకే కంపెనీవారు జపానుకు చెందిన ఇసుజు వారి 1817 సీసీ ఇంజనును తెచ్చి పెట్టినారు. ఒక్క ఇంజనును మార్చి ఊరకుండలేదు. దానికి తగిన అయిదు గేర్ల పెట్టెను కూడ అమర్చినారు. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. 2002లో ఈ కారు తయారీ నిలిచిపోయినది.

వదినగారి కుమారుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో ఆరేండ్లు ఉద్యోగము చేసి తిరిగివచ్చినాడు. అమెరికా కార్ల పరిశ్రమకు కేంద్రమైన ఆ రాష్ట్రములో అతడు 'మజిల్ కార్లు' అనువాటిని చూచి వచ్చినాడు. మజిల్ అనగా కండ. మధ్యరకపు కారు దేహములో పెద్ద కారు ఇంజనును కూర్చి, కుర్రకారుకు అందుబాటు ధరకు అమ్మిన బండ్లివి. 1964లో పాంటియాక్ వారు తెచ్చిన జీటీవో వీటికి ఒరవడి అని చెప్పుదురు. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజను 6.4 లీటర్లది. మన అంబాసిడరు ఇంజనుకు నాలుగింతల కంటె పెద్దదన్నమాట. భీమా రుసుముల భారము, పొగపై వచ్చిన చట్టములు, 1973 నాటి చమురు సంక్షోభము కలిసి ఆ యుగమునకు తెరదించినవి. కాని ఆ కార్లను బాగుచేయుట, వాటికి కంపెనీవారు కాక బయటివారు తయారుచేసిన సామానును తగిలించి బలము పెంచుట అక్కడ పెద్ద వర్తకముగా నిలిచిపోయినది. అట్టి సామాను తయారీదారులు 1963లోనే తమకొక సంఘమును ఏర్పరచుకొన్నారు.

మన కుర్రవానికి తండ్రి కాంటెస్సాను చూడగానే ఆ కార్లే తలపునకు వచ్చినవి. "బాబాయ్, దీన్ని అమెరికా బండిలా తయారు చేయిస్తా. నాన్న చూస్తే మురిసిపోవాలి" అన్నాడు. అతని ఉద్దేశములో లోపమేమియు లేదు. ఒక షెడ్డులో బండిని ఇచ్చినాడు. వెడల్పయిన అల్లాయ్ చక్రములు వచ్చినవి, గర్జించు సైలెన్సరు వచ్చినది, కన్నులు మిరుమిట్లుగొలుపు బల్బులు వచ్చినవి. రెండింతల శక్తిగల ఇంజను కొరకు బేరము సాగుచున్నది.

ఒక ఆదివారము తెల్లవారుజామున వదినగారిని ముందు సీటులో కూర్చుండబెట్టుకొని, మమ్ము వెనుక కూర్చుండబెట్టి, రింగు రోడ్డు ప్రక్కనున్న సర్వీసు దారిలో బండిని నడిపినాడు. ఒక మలుపు దగ్గర చక్రమును పూర్తిగా త్రిప్పి ముందుకు సాగినాము. ఆ వెనుక పల్లములో బ్రేకు త్రొక్కగా పెడలు మెత్తగా లోనికి దిగిపోయినది. "బాబాయ్, బ్రేకు పట్టట్లేదు" అన్న మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది. గేరు తగ్గించి, చేతి బ్రేకును లాగి, దారి ప్రక్కనున్న మట్టికుప్పలోనికి బండిని ఎక్కించినాడు. ఎవరికిని దెబ్బ తగులలేదు. వదినగారు మాత్రము చాలసేపు మాటాడలేదు.

దిగి చూడగా కారణము తెలిసినది. చక్రములను త్రిప్పినప్పుడెల్ల వెడల్పు టైరు, ముందు బ్రేకు రబ్బరు గొట్టమును ఒరుసుకొనుచు వచ్చినది. కొన్ని వారములకు గొట్టము అరిగి, చిల్లిపడి, బ్రేకు నూనె అంతయు కారిపోయినది. చక్రము మంచిదే, టైరు మంచిదే. రెండును ఆ బండికి తగినవి కావు.

పిదప మేమే అతనిని పాతబస్తీలోని ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసుకొనిపోతిమి. ఉస్తాద్ అని అందరును పిలిచెడి ఆయన, బండి చుట్టు ఒకసారి తిరిగి, క్రింద పడుకొని టార్చి వేసి చూచి, లేచి చేతులు తుడుచుకొని ఒక్క మాట అన్నారు: "ముందు దీనికి ఆగడం నేర్పుదాం బాబూ. పరిగెత్తడం తర్వాత చూద్దాం."

ఈ మాటలో పెద్ద శాస్త్రమే ఉన్నది. బండి వేగము రెండింతలైనప్పుడు దానిలోని చలనశక్తి రెండింతలు కాదు, నాలుగింతలగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండిని ఆపుటకు బ్రేకులు ఎంత వేడిని భరించునో, 80 కిలోమీటర్ల వద్ద దానికి నాలుగు రెట్లు భరింపవలెను. కాబట్టి ఇంజను బలమును పెంచదలచినవాడు మొదట బ్రేకులను, పిమ్మట స్టీరింగు కీళ్ళను, స్ప్రింగులను, టైర్లను చూచుకొనవలెను. ఇంజను చివరిది. కాంటెస్సా కంపెనీవారు ఇంజనుతో పాటు గేరుబాక్సును మార్చినారని చెప్పినాము గదా, అందలి మర్మము ఇదియే. ఒక భాగమును కదల్చినచో దాని చుట్టునున్నవన్నియు కదలును.

మిరుమిట్లుగొలుపు బల్బుల సంగతియు అంతే. 12 వోల్టుల బండిలో 100 వాట్ల బల్బు ఒక్కొక్కటి ఎనిమిది ఆంపియర్లకు మించి కరెంటు లాగును. రెండు బల్బులకు పదునారు దాటును. ఆ కరెంటు అంతయు ముప్పదేండ్ల నాటి సన్నని తీగల గుండ, స్విచ్చి గుండ పోయినచో తీగ కాలును, ఒక్కొక్కప్పుడు బండియే కాలును. రిలేలు పెట్టి, ఫ్యూజులు వేసి, కొత్త వైరింగు చేసిన పిమ్మట తగు మాత్రపు బల్బులు పెట్టినచో భయము లేదు. చక్రములకును ఒక సూత్రము కలదు. టైరుతో సహా చక్రము బయటి కొలత పాతదానితో సరిపోవలెను. పెద్దదైనచో స్పీడోమీటరు నిజమునకు తక్కువ వేగమును చూపును; బయటకు పొడుచుకొని వచ్చినచో బేరింగుల మీద బరువు పెరుగును.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, కంపెనీ నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ సంగతిని స్పష్టపరచినది. ఇంజను మార్చదలచినవారు ముందుగా అధికారుల ఆమోదము పొందవలెను. 2021లో పాత బండ్ల కొరకు ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, దేహము, ఇంజనులలో పెద్ద మార్పులు లేక తొల్లిటి రూపములో నిలిచిన బండికి 'వీఏ' అక్షరములుగల నంబరు ఇత్తురు. మన కాంటెస్సాలలో మొట్టమొదటివి కూడ 2034కు గాని ఆ వయస్సునకు రావు. నేడు తొందరపడి దేహమును కోసి మార్చినవారు, ఆనాడు ఆ గౌరవమును కోల్పోవుదురు.

ఉస్తాద్ గారి షెడ్డులో పని ఎనిమిది మాసములు సాగినది. విప్పిన ప్రతి భాగమునకు ఒక చీటీ కట్టినారు. విప్పుటకు ముందు ఫోటో తీసినారు. తలుపుల క్రింది అంచులు, కాళ్ళు పెట్టుకొను నేల రేకు తుప్పుపట్టి చేతితో నొక్కగా పొడియైనవి. మొదటి షెడ్డువారు ఆ చోట్లను పుట్టీతో నింపి రంగు వేసి ఉండిరి. ఉస్తాద్ గారు పుట్టీని గీకివేసి, తుప్పు రేకును కోసి, కొత్త రేకును అతికి వెల్డింగు చేయించినారు. పుట్టీ గాయమును కప్పును గాని మాన్పదు. కారు పూర్వపు లేతనీలి రంగునే మరల పొందినది.

సామాను కొరకు కుర్రవాడు రాణీగంజ్, పుత్లీబౌలి దుకాణములన్నియు తిరిగినాడు. అచ్చట అతడు నేర్చిన పాఠము శ్రోతలకు కూడ పనికివచ్చును. బయటి సామాను అంతయు చెడ్డది కాదు, కంపెనీ పేరు అచ్చువేసిన పెట్టెలోనిదంతయు మంచిది కాదు. కాంటాక్టు పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించినాడు. మాటిమాటికి పాయింట్లు గీకి సరిచేయు బాధ తప్పినది. రేడియేటరుకు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించినాడు. సాయంకాలము ఆఫీసులు వదలు వేళ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు దారిలో బండి గంటసేపు ప్రాకినను ఇంజను కాగిపోదు. బ్రేకు గొట్టములు, రబ్బరు బుష్షులు, సీటు బెల్టులు అన్నియు కొత్తవే. ఇవి కంటికి కానరావు, ఎవరును మెచ్చుకొనరు. అయినను బండిని, బండిలోనివారిని కాపాడునవి ఇవియే. గర్జించు సైలెన్సరు, వెడల్పు చక్రములు అమ్ముడుపోయినవి. పెద్ద ఇంజను బేరము ఆగిపోయినది.

మనలో ఎందరి ఇండ్లలోనో తాతగారి నాటి వాల్వుల రేడియో ఉండును. దానిలో ఎండిపోయిన కండెన్సరును తీసి కొత్తది వేయించినచో అదే కొయ్య పెట్టెలోనుండి అదే గంభీరమైన ధ్వని మరల వినవచ్చును. అంతే గాని, పెట్టె మాత్రము ఉంచి లోపలిదంతయు తీసివేసినచో మిగులునది అలంకారమే. చౌమహల్లా ప్యాలెసులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పించిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది. అది చేరకమునుపే 1911లో ఆయన కన్నుమూసినారు. అది ప్రదర్శనశాల సొత్తు. దానిని ఉన్నది ఉన్నట్లుగా నిలుపుటయే ధర్మము. మన ఇంటి బండి రోడ్డు మీద తిరుగవలసినది. దానికి ప్రాణరక్షణ కొరకు మార్పు తప్పదు. దేనిని ఉంచవలెను, దేనిని మార్చవలెను అను ప్రశ్నకు అందరికి వర్తించు జవాబు లేదు. కాని ఒక వరుస ఉన్నది. మొదట ప్రాణము, పిమ్మట చట్టము, ఆ పిమ్మట జ్ఞాపకము, అన్నిటికంటె చివర ఆడంబరము.

పని ముగియు దశలో, హారను బొంగురుపోయినదని కుర్రవాడు క్రొత్తది కొనితెచ్చినాడు. వదినగారు అంతవరకు ఏ విషయములోను జోక్యము కలిగించుకొనలేదు. అప్పుడు మాత్రము, "అది ఒక్కటి మార్చకు నాన్నా. మీ నాన్న సందు మలుపులో ఆ హారను కొడితేనే నేను పొయ్యి మీద టీ పెట్టేదాన్ని" అన్నారు. ఉస్తాద్ గారు ఆ పాత హారనును విప్పి, లోపలి తుప్పు గీకి, స్క్రూ సరిచేసి, మరల బిగించినారు. దానికి ఖర్చు ఏమియు కాలేదు.

గత మాసము ఒక ఆదివారము తెల్లవారుజామున అదే సర్వీసు దారిలో, అదే పల్లములో బండిని నడుపుచు అతడు బ్రేకు త్రొక్కినాడు. బండి చక్కగా ఆగినది. వదినగారు మా వైపు తిరిగి చూచినారు. కుర్రవాడు ఒక్కసారి హారను కొట్టినాడు. కొంచెము బొంగురుగానే మ్రోగినది.