పానగల్లు కట్ట మీద సైకిలు

నల్లగొండ నుంచి సైకిలు తొక్కితే సుమారు నాలుగు కిలోమీటర్లలో పానగల్లు వస్తుంది. ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. వాళ్ల నాటి చెరువు ఉదయసముద్రానికి ఇప్పుడు ఏఎంఆర్ కాలువ కృష్ణా నీళ్లు తెస్తోంది. మన మెట్టనేలకు సముద్రమంటే ఇదే మరి!

చెరువు కట్ట మీది మొరం బాటకు లావు టైర్లే మేలు, గాలి కాస్త తక్కువుండాలి. సర్కారు తుమ్మ ముళ్లుంటాయి, పంక్చరు సామాను మరవకండి.

ఛాయా సోమేశ్వరాలయం దగ్గర తప్పక ఆగండి. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో లింగం వెనక గోడమీద స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు జరిగినా అది జరగదు. నేరుగా పడే ఎండ కాదు, మండపంలో చెదిరే వెలుతురు వేసే నీడ అది. పానగల్లులోనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం కూడా ఉన్నాయి.

చలికాలం పొద్దున బయలుదేరండి. కాలువలో మాత్రం దిగకండి, నీటి వడి ఎక్కువ.