విమానం నడపడానికి పట్టా కావాలా?

(సచిన్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



విమాన చోదకునికి కళాశాల పట్టా తప్పనిసరి కావాలా అన్న ప్రశ్నతో మనకేమి పని అని కొందరు అనుకోవచ్చు. ఏ ఉద్యోగానికి ఏ అర్హత కోరాలో నిర్ణయించడమంటే, ఆ ఉద్యోగం ఎవరి బిడ్డలకు దక్కాలో నిర్ణయించడమే. కనుక ఇది మన ప్రశ్న కూడా.

ఈ సచిన్‌కు సమీపాన, ఇదే రైలుమార్గం మీద నవసారి ఉన్నది. అది టాటాల పూర్వీకుల ఊరు. ఆ వంశీయుడైన జె.ఆర్.డి. టాటా 1929లో మన దేశంలో తొలి విమాన చోదక లైసెన్సు పొందారు. 1932 అక్టోబరు 15న కరాచీ నుండి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా సంచులను స్వయంగా విమానంలో తెచ్చారు. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఉత్తరాలు మాత్రం క్షేమంగా చేరాయి.

నేటికీ వాణిజ్య చోదక లైసెన్సుకు మన ప్రభుత్వం పట్టా కోరడం లేదు. ఇంటర్మీడియట్ స్థాయి చదువు, 200 గంటల విమానయానం, మార్గ నిర్ణయం, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలలో పరీక్షలు, కఠినమైన వైద్య పరీక్ష ఉండాలి. అమెరికాలోని డెల్టా సంస్థ సైతం నాలుగేళ్ల పట్టా నిబంధనను 2022 జనవరిలో సడలించింది.

పట్టా వివేకాన్ని, క్రమశిక్షణను ఇస్తుందన్న వాదన కొట్టివేయదగినది కాదు. కాని అసిస్టెంట్ లోకో పైలట్‌కు పదవ తరగతి, ఐ.టి.ఐ. అర్హతతోనే వేలాది ప్రయాణికుల ప్రాణాలు అప్పగిస్తున్నాము. ఆ నమ్మకానికి ఆధారం శిక్షణ, అనుభవం.

అయితే పట్టా అడ్డు లేనంత మాత్రాన ద్వారం తెరుచుకోలేదు. విమాన శిక్షణకు లక్షలాది రూపాయలు కావాలి. సూరత్ మరమగ్గాలపై శ్రమించే మన తెలుగు నేత కార్మికుడు అంత సొమ్ము ఎక్కడ తేగలడు? రైల్వేలో ఎంపికైన వానికి శిక్షణ కాలంలో సంస్థే భృతి ఇస్తుంది. విమాన సంస్థలు కూడా ఆ భారం వహించాలి.

తపాలా సోదరులు మరొకటి గమనించాలి. పోస్టల్ అసిస్టెంట్ల ప్రత్యక్ష నియామకం 2022లో ఇంటర్మీడియట్ స్థాయి పరీక్ష నుండి పట్టభద్రుల స్థాయి పరీక్షకు మారింది. కౌంటరు పనిలో ఏ మార్పు దీనికి కారణమో యాజమాన్యం వివరించాలి.

పనికి అవసరమైన అర్హతనే కోరాలి. శిక్షణ వ్యయాన్ని యాజమాన్యం భరించాలి. పనిలో ఆరితేరిన వానికి పట్టా లేదన్న నెపంతో పదోన్నతి నిరాకరించరాదు. ఈ మూడు కోర్కెలను ప్రతి శాఖా సమావేశంలో చర్చించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.