సత్యభామ చెంపకు రెండు రంగులా?

కూచిపూడికి వచ్చి ఆహార్యం గురించి మాట్లాడటమంటే మొవ్వకు వెళ్లి క్షేత్రయ్య పదం పాడటమే. జంకు ఉంది. అయినా అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు కాబట్టి నా గొడవ ఒక్కటి మీ ముందు పెడతాను.

ఆ మధ్య ఒక పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. నరకాసుర వధ ఘట్టం. సత్యభామ వేషం కట్టిన అమ్మాయి మొహం సగం పసుపు, సగం ఎరుపు. పసుపు శృంగారానికట, ఎరుపు వీరానికట. ఈ ఊహ ఎక్కడ పుట్టిందో మీకు తెలుసు. పోతన దశమ స్కంధంలో సత్యభామ ఒకే క్షణంలో కృష్ణుడిని మురిపెంగానూ, నరకుడిని నిప్పులు చెరుగుతూనూ చూస్తుంది. అది చదివి ఆ పిల్ల గురువు పొంగిపోయి కుంచె పట్టారు. పొంగినందుకు తప్పు పట్టను. కానీ ఆట మొదలైన రెండు నిమిషాలకే కృష్ణుడు అటు నుంచి ఇటు మారాడు. ఎర్ర చెంప కృష్ణయ్యకు, పసుపు చెంప నరకుడికి దక్కాయి!

అర్ధనారీశ్వరుడికి రెండు సగాలు చెల్లుతాయి. అక్కడ దేహమే రెండు. కథకళిలో రావణుడి కత్తి వేషం చూడండి. పచ్చటి మొహం మీద ఎర్రగుర్తు. రాచఠీవి, రాక్షసత్వం రెండూ ఆ మొహం మీదే ఉంటాయి, తెల్లవార్లూ ఉంటాయి. సత్యభామ కోపం అలాంటిది కాదు. రెప్పపాటులో వస్తుంది, రెప్పపాటులో పోతుంది. దాన్ని రంగుతో అతికిస్తే మొహం కడుక్కునేదాకా వదలదు.

నా చిన్నతనంలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని వేషం దిద్దుకుంటుంటే పక్కన చేరి చూసేవాణ్ని. అరదళం మెత్తగా నూరి పెట్టుకునేవారు. (అందులో ఆర్సెనిక్ ఉంటుంది, ఇప్పుడు ఎవరూ పూసుకోవద్దు.) పగటి వెలుగులో అది కామెర్ల రంగు, కాగడా వెలుగులో బంగారం. ఒకటే పూత, మొహమంతా సమంగా. ఆలస్యమంతా కనుబొమల దగ్గరే. బొమ మరీ ఎత్తి గీస్తే సిగ్గుపడే చోట కూడా కోపమే కనిపిస్తుంది, మరీ వంచితే యుద్ధంలో బేలతనం. రెంటికీ మధ్యన గీసి, కాటుక కణత దాకా లాగి, అద్దంలో ఒకసారి అలిగి, ఒకసారి సిగ్గుపడి చూసుకునేవారు. రెండూ కుదిరాకే లేచేవారు. రాక్షస వేషం ప్రవేశానికైతే కాగడా మీద గుగ్గిలం చల్లి మంట లేపేవారు. అంటే రౌద్రంలో సగం పని వెలుగుదే.

వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) భామాకలాపం ఆడితే సత్యభామ వేషంలో ఉన్నది పురుషుడని నమ్మనివాళ్లు ఉండేవారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. జడ చూపి సవాలు విసిరే భామా, కృష్ణుడికి లేఖ రాసి చెలికత్తె మాధవి చేతికిచ్చే భామా ఒకే పూత కింద ఉన్నారు. ఎవరెప్పుడు బయటికి రావాలో నిర్ణయించింది ఆయన కళ్లు.

కాగడాలు పోయి విద్యుద్దీపాలు వచ్చాయి కాబట్టి పాత పూతే వాడమని నేననను, కొత్త రంగులు రావాలి. కాకపోతే రంగుల పెట్టె తెరిచే ముందు పద్యం చదవండి, దీపాలు వేసే కుర్రాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. సత్యకు చెంప ఎరుపు కావాలో, దీపం ఎరుపు కావాలో అప్పుడు తేలుతుంది.

ఈ రాత్రి సిద్ధేంద్ర కళాక్షేత్రంలో భామాకలాపం ఉంది. మేకప్ చేసే మిత్రులు దయచేసి ముందు వరుసలు వదిలేసి చివరి వరుసలో కూర్చోండి. ఆ కనుబొమ అక్కడిదాకా అందుతోందో లేదో రేపు ఉదయం సదస్సులో చెప్పండి.