క్లోవర్ పచ్చికకు యూరియా ఎంత కావాలి?

ఈనాటి పాఠంలో న్యూజిలాండ్ పాడి క్షేత్రాల గురించి తెలుసుకుందాం. అక్కడి ఆవులు దాదాపు ఏడాది పొడవునా బయలులోనే మేస్తాయి. ఆ పచ్చికలో ప్రధానంగా రెండు మొక్కలుంటాయి. ఒకటి రైగ్రాస్ అనే గడ్డి, రెండోది తెల్ల క్లోవర్. క్లోవర్ మన జనుము, పిల్లిపెసర మాదిరిగా చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. ఉత్తర భారతంలో పశువులకు వేసే బర్సీమ్ కూడా ఒక రకం క్లోవరే.

గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. దాని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. క్లోవర్ వేరు బుడిపెల్లో నివసించే రైజోబియం బాక్టీరియా నైట్రోజినేజ్ అనే ఎంజైము సాయంతో ఆ బంధాలను విడగొట్టి అమ్మోనియాను తయారుచేస్తుంది. ప్రతిఫలంగా మొక్క దానికి ఆహారం ఇస్తుంది. ఈ బేరం చౌకైనది కాదు. ఒక్కొక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. చురుకుగా పనిచేసే బుడిపెను చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. జనుము వేళ్లలో మీరూ దీన్ని చూడవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. యూరియా వేసినప్పుడు నేలలో నత్రజని సులభంగా దొరుకుతుంది. అప్పుడు క్లోవర్ ఆ ఖరీదైన పనిని తగ్గించుకుంటుంది. దీన్ని సోమరితనం అనడం కంటే పొదుపు అనడం న్యాయం. మరోవైపు ఎరువు తిన్న రైగ్రాస్ ఏపుగా పెరిగి, నేలబారున పాకే క్లోవర్ కాడలకు వెలుతురు అందకుండా చేస్తుంది. క్రమంగా పచ్చికలో క్లోవర్ పలుచబడుతుంది. మరుసటి ఏడు మరింత యూరియా కావలసి వస్తుంది.

న్యూజిలాండ్ రైతులు ఒకప్పుడు సూపర్ ఫాస్ఫేటు వేసి, నత్రజనికి క్లోవర్‌నే నమ్ముకున్నారు. 1990ల నుంచి యూరియా వాడకం వేగంగా పెరిగింది. 1996లో క్లోవర్ వేరు పురుగు అక్కడ బయటపడింది. దాని పిల్ల పురుగులు బుడిపెలనే తినేస్తాయి. ఆ లోటును చాలామంది యూరియాతో పూడ్చారు. 2006లో ఐర్లండ్ నుంచి తెచ్చిన ఒక పరాన్నజీవి కందిరీగను ఈ పురుగు మీదికి వదిలారు.

కాంటర్‌బరీ మైదానాల్లో నేల గులకరాళ్లతో నిండినది. అక్కడ నైట్రేటు నీటితోపాటు భూగర్భంలోకి దిగుతుంది. కొన్ని బావుల్లో అది తాగునీటి పరిమితిని, అంటే లీటరుకు 11.3 మిల్లీగ్రాముల నైట్రేటు నత్రజనిని, దాటింది. ఆ నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. 2021 జూలైలో ప్రభుత్వం పచ్చిక బయళ్లలో హెక్టారుకు ఏడాదికి 190 కిలోల కృత్రిమ నత్రజని అనే పరిమితిని అమలుచేసింది. యూరియాలో 46 శాతం నత్రజని కనుక, ఇది సుమారు 413 కిలోల యూరియాకు సమానం.

తగ్గిస్తే పాలు తగ్గవా? ఐర్లండ్‌లోని మూర్‌పార్క్ కేంద్రంలో 250 కిలోల నత్రజని వేసిన ఒట్టి గడ్డితో, 150 కిలోలు వేసిన క్లోవర్ పచ్చికను పోల్చి చూశారు. మేత దాదాపు సమానంగా వచ్చింది. పాలు క్లోవర్ పచ్చిక మీదనే ఎక్కువ వచ్చాయి.

అయితే క్లోవర్ దండిగా లేని చోట ఎరువును ఒక్కసారిగా ఆపితే మేత పడిపోతుంది. ముందు సున్నంతో ఆమ్లత్వం సరిచేసి, భాస్వరం లోటు తీర్చి, క్లోవర్ విత్తనం చల్లాలి. వసంతారంభపు చలిలో క్లోవర్ మందకొడిగా ఉంటుంది కనుక అప్పుడు కొద్దిపాటి యూరియా వేయడంలో అర్థముంది. ఎండాకాలంలో అది పుంజుకున్నాక తగ్గించాలి. గడ్డి మరీ ఎదగకముందే మేపాలి. ఆకలితో ఉన్న ఆవును మాత్రం దట్టమైన క్లోవర్‌లోకి తోలకూడదు. కడుపు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక మాట. నేలలోకి దిగే నైట్రేటులో పెద్ద వాటా ఆవు మూత్రం పడిన చిన్న చిన్న మడుల నుంచే వస్తుంది. క్లోవర్ ఇచ్చిన నత్రజని కూడా ఆవు కడుపు గుండా ఆ దారినే పోతుంది. అందువల్ల ఎరువు తగ్గించినా మంద పరిమాణం మారకపోతే బావి నీళ్లు తేరుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.